సాయంత్రమయ్యేసరికి గడప ఎందుకు తగులుతోంది?

ప్రశ్న: నేను 54 ఏళ్ల మహిళను. విశాఖ మర్రిపాలెంలో ఉంటాం. జగదాంబ దగ్గర బట్టల షాపులో పని, రోజుకు తొమ్మిది గంటలు నిలబడే ఉంటాను. ఆరేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. దూరానికీ చదవడానికీ ఒకే అద్దంలో నంబర్లుండే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. పొద్దున బాగానే నడుస్తాను. రాత్రి ఇంటికొచ్చేసరికి గడప దాటేటప్పుడు కాలు తగులుతోంది, అదీ ఎక్కువగా వెనక కాలే. నిరుడు సింహాచలం గిరి ప్రదక్షిణలో మాధవధార దాటాక రెండుసార్లు ఎదురుదెబ్బ తగిలింది. రెండోసారి పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. అడ్డంగా ఉన్న పెద్ద పైపును సులువుగానే దాటాను గానీ, రోడ్డులోంచి కాస్త తేలిన రాయికి తన్నుకున్నాను. ఇంట్లోవాళ్లేమో ‘చూసుకుని నడవొచ్చు కదా’ అంటున్నారు. చూసే నడుస్తున్నానండీ. ఈసారీ ప్రదక్షిణ చేయాలని ఉంది. ఏం చేయాలి?

సమాధానం: వెనక కాలు, చిన్న రాయి, రోజు చివర. మీరు రాసిన ఈ మూడు మాటల్లోనే విషయమంతా ఉంది. ఇది అజాగ్రత్త కాదు. అలసిన కాలు ఎలా పనిచేస్తుందో మీ ఉత్తరం ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంట్లోవాళ్లకు కూడా ఈ జవాబు చదివి వినిపించండి.

ముందు మామూలు నడక సంగతి. చదును నేల మీద ఒక కాలు గాల్లో ముందుకు ఊగేటప్పుడు, సరిగ్గా రెండో కాలిని దాటే సమయంలో, బొటనవేలికీ నేలకూ మధ్య ఉండే ఖాళీ ఒకటి, రెండు సెంటీమీటర్లే. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకైనా అంతే. పైగా పాదం అత్యంత వేగంగా కదిలేది కూడా దాదాపు ఆ సమయంలోనే, మనిషి నడిచే వేగానికి ఇంచుమించు మూడు రెట్లు. మీరు గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడుస్తుంటే, మీ కాలివేళ్లు ఆ క్షణంలో 12 కిలోమీటర్ల వేగంతో నేలను రాసుకుంటూ పోతున్నాయన్నమాట. అందుకే చిన్న రాయి తగిలినా దెబ్బ అంత గట్టిగా ఉంటుంది, ఒళ్లు అంతలా ముందుకు తూలిపోతుంది.

ఇప్పుడు ఆ పైపు సంగతి చూడండి. ఎదురుగా కనబడే ఎత్తును దాటేటప్పుడు మనం తెలియకుండానే కాలిని అవసరమైన దానికంటే ఎక్కువ ఎత్తుతాం. ముందు కాలికీ అడ్డానికీ మధ్య పది సెంటీమీటర్ల దాకా ఖాళీ వదులుతాం. అలసట వల్ల అందులో రెండు సెంటీమీటర్లు తగ్గినా ఏమీ కాదు. చదును నేల మీదైతే ఉన్నదే రెండు సెంటీమీటర్లు. తేలిన రాయి, టైల్సు ఎగుడుదిగుడు, రోడ్డుకు అడ్డంగా వేసిన టెంటు తాడు ఇవేవీ ‘అడ్డం’ అని మెదడు లెక్కలోకి తీసుకోదు. కాలిని ఎత్తమని చెప్పదు. అందుకే పైపు దాటిన మనిషికి రాయి తగులుతుంది.

అలసట అంటే కాలు తక్కువ ఎత్తడమేనని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అది కాదు. అలసిన కాలు ప్రతి అడుగూ ఒకేలా ఎత్తదు. కొందరైతే అలసినప్పుడు అడ్డాల మీదుగా కాలిని ఇంకా ఎక్కువే ఎత్తుతారు, అడుగులు వెడల్పుగా వేస్తారు. ఒళ్లు తనను తాను కాచుకునే పద్ధతి అది. కానీ ఒక అడుగుకూ మరో అడుగుకూ తేడా పెరుగుతుంది. తొంభై తొమ్మిది అడుగులు బాగానే పడి, నూరో అడుగు కిందికి జారుతుంది. గిరి ప్రదక్షిణ దారి సుమారు 32 కిలోమీటర్లు. అడుగుకు 60 సెంటీమీటర్లు వేసుకున్నా 53 వేల అడుగులు పైమాటే. కిందికి జారిన ఆ ఒక్క అడుగు దగ్గరే రాయి ఉంటే చాలు.

ఏ కండరం అలిసిందన్నదాన్ని బట్టి తంటా మారుతుంది. మోకాలి కింద, ముందరి ఎముకను ఆనుకుని బయటివైపు ఉండే కండరం పాదం ముందు భాగాన్ని పైకి లాగి పట్టుకుంటుంది. అది అలిస్తే వేళ్లు కిందికి వాలతాయి. చెప్పు నేలకు రాసుకుంటున్న చప్పుడు వస్తుంది. తుంటి ముందరి కండరాలు అలిస్తే మోకాలు సరిగా పైకి లేవదు. ఎవరికీ తట్టనిది మూడోది: నేల మీద ఆనిన కాలి తుంటి పక్క కండరం. ఆ కాలి మీద నడుమును సమంగా నిలబెట్టేది అదే. అది అలిస్తే గాల్లో ఉన్న కాలి వైపు నడుము కిందికి వాలి, ఆ పాదం కూడా కొంత దిగుతుంది. అంటే తగిలింది కుడి కాలే అయినా, అలిసింది ఎడమ తుంటి కావచ్చు. మీరు తొమ్మిది గంటలు నిలబడి, ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద ఒరుగుతూ అరగదీస్తున్నది సరిగ్గా ఈ తుంటి కండరాలనూ పిక్కలనూ. కాలు కదలకపోయినా కండరం పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి ‘షాపులో నడిచిందేముంది’ అనుకోకండి.

అలసటకు ఇంకో పక్క కూడా ఉంది. అలసిన కండరం తన కీలు ఎంత వంగిందో మెదడుకు సరిగా చెప్పలేదు. ‘ఎత్తాను’ అనిపిస్తుంది, ఎత్తి ఉండదు. మెదడు అలిసినా ఇంతే. రోజంతా గిరాకీలతో మాట్లాడి, బస్సులో నిలబడి, ఫోనులో మాట్లాడుతూ గుమ్మం ఎక్కితే గడపకు కేటాయించాల్సిన కాస్త ధ్యాస మిగలదు.

ఇక వెనక కాలు. ఏదైనా దాటేటప్పుడు మనం అడ్డాన్ని రెండు మూడు అడుగుల ముందే చూసి కొలత తీసుకుంటాం. దాటే క్షణంలో దాన్ని చూడం, చూపు అప్పటికే ముందుకు వెళ్లిపోతుంది. ముందు కాలు కనీసం ఓరచూపుకైనా ఆనుతుంది. వెనక కాలు పూర్తిగా గుర్తు మీద ఆధారపడి, మన వెనక, కనబడకుండా దాటుతుంది. పైగా అది అడ్డానికి దగ్గరగా నేల వదులుతుంది కాబట్టి పైకి లేవడానికి దానికి దొరికే సమయం తక్కువ. తుంటిని ఎత్తడం కంటే మోకాలిని వెనక్కి మడిచి మడమను పైకి తెచ్చుకోవడం మీదే అది ఎక్కువగా ఆధారపడుతుంది. ముందు కాలు అవతల పడగానే ‘దాటేశాం’ అని మనసు తేలికపడుతుంది. గడప తగిలేది అప్పుడే.

అలిసి ఉన్నప్పుడు దాటే పద్ధతి ఇది. నాలుగు అడుగుల ముందే చూసి వేగం తగ్గించండి. వెనక పాదం వేళ్లు అడ్డానికి ఒక జానెడు ఇవతల ఆనేలా అడుగు సర్దుకోండి. మరీ ఆనుకుని నిలబడితే వెనక కాలు పైకి లేవడానికి చోటుండదు. మరీ దూరంగా నిలబడితే ముందు కాలి మడమ అడ్డం మీదే దిగుతుంది. ముందు కాలు అవతల వేశాక బరువంతా దాని మీదికి మారేదాకా ఆగండి. తర్వాత ‘రెండో కాలు’ అని మనసులో అనుకుని, మోకాలు మడిచి మడమను పిర్ర వైపు తెస్తూ దాటించండి. ఇంటి గడప దగ్గరైతే ద్వారబంధం పట్టుకోండి, చేతిలో సంచులుంటే ముందు లోపల పెట్టి తర్వాత మీరు దాటండి. గడప పై అంచుకు పసుపు రాసి ఉంటే మంచిదే, ఆ రంగు అంచును చూపిస్తుంది. లేకపోతే ఒక అంగుళం వెడల్పు రంగు టేపు అతికించండి. గుమ్మం బయట లైటు తప్పనిసరి.

ఫుట్‌పాత్‌ల సంగతి వేరు. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదన్నది నిబంధన. మన ఊళ్లో అంతకు మించినవీ, ప్రతి షాపు ముందూ ఒక్కో ఎత్తులో ఉన్నవీ కనిపిస్తూనే ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ ఒక సెంటీమీటరు తేడా ఉన్నా కాలు తడబడుతుంది. మొదటి రెండు మెట్లకే కాలు ఆ ఎత్తుకు అలవాటు పడిపోతుంది మరి. సింహాచలం కొండ పాత రాతిమెట్ల మీద కూడా ఇదే జరుగుతుంది. అలిసినప్పుడు ఎక్కేటప్పుడు బలంగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పిగా ఉన్న కాలు ముందు పెట్టాలి. అవసరమైతే రెండు కాళ్లూ ఒకే మెట్టు మీదికి తెచ్చుకుని తర్వాతి మెట్టు చూడండి.

మీ కళ్లద్దాల గురించి కచ్చితంగా చెప్పాలి. ప్రోగ్రెసివ్ అద్దం కింది భాగం చదవడానికి, అంటే చేతి దూరానికి. తల ఎత్తి నడుస్తూ చూపు మాత్రం కిందికి దించితే, మీటరున్నర దూరంలో ఉన్న మెట్టు అంచు ఆ కింది భాగంలోంచి మసకగా, ఎత్తు తెలియకుండా కనబడుతుంది. కాబట్టి మెట్టు దగ్గర గడ్డం దించి, అద్దం పై భాగంలోంచి చూడండి. ప్రదక్షిణ లాంటి పెద్ద నడకకు దూరపు చూపు నంబరు ఒక్కటే వేయించిన వేరే కళ్లజోడు చేయించుకోవడం ఇంకా మంచిది. ఖర్చయినా దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

రోజూ వేసుకునే చెప్పులు చూసుకోండి. వెనక పట్టీ లేని వదులు చెప్పు ఊడిపోకుండా వేళ్లతో బిగపట్టాల్సి వస్తుంది, ముందు అంచు కిందికి వాలుతుంది. ఉన్న రెండు సెంటీమీటర్లలో కొంత అలా పోయినట్టే. వెనక పట్టీ ఉండి, ముందు భాగం కాస్త పైకి వంగిన చెప్పు గానీ, లేసులు బిగించే బూటు గానీ వాడండి. పెద్ద నడక రోజున కొత్తవి వేసుకోవద్దు. పాత చెప్పు అడుగు మందానికి అలవాటుపడిన కాలికి కొత్త మందం తెలియడానికి సమయం పడుతుంది. చీర అయితే కుచ్చిళ్లు చీలమండకు రెండు వేళ్లు పైన ఉండాలి.

ఇక కాళ్లను గట్టిపరచడం. వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు చాలు. గోడకు వీపు ఆనించి, పాదాలు గోడకు ఒక అడుగు దూరంలో పెట్టి, మడమలు నేల మీదే ఉంచి వేళ్లను పైకెత్తి రెండు సెకన్లు ఆపండి. ఇలా 15 సార్లు, మూడు విడతలు. మోకాలి కింద ముందువైపు మంట పుడితే సరైన కండరమే పని చేస్తోందని గుర్తు. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం 12 సార్లు, మూడు విడతలు. పక్కకు తిరిగి నిలబడి, కాలిని వంచకుండా పక్కకు ఎత్తడం ఒక్కో కాలికి 12. నడుము ఒరగకూడదు, ఒరిగితే తుంటి చేయాల్సిన పని నడుము చేస్తున్నట్టు. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, మూడు విడతలు. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి, పల్లం దిగే బలం అక్కడే వస్తుంది.

నాలుగు వారాలు గడిచాక దాటే సాధన మొదలుపెట్టండి. దీన్ని ఉదయం తాజాగా ఉన్నప్పుడు కాక, నడక ముగించాక చేయాలి. మీకు కావాల్సింది అలసిన కాలితో దాటడం కదా. పాత దినపత్రికలను కట్టగా పేర్చి 5, తర్వాత 10, తర్వాత 15 సెంటీమీటర్ల ఎత్తు చేయండి. తగిలితే జారిపోయేవే వాడాలి, ఇటుకలూ పీటలూ వద్దు. గోడ పక్కన, ఎవరైనా తోడుండగా, ఒక్కో ఎత్తుకు పది సార్లు దాటండి. అయిదుసార్లు కుడి కాలు ముందు, అయిదుసార్లు ఎడమ కాలు ముందు. వెనక కాలు ఎన్నిసార్లు తగిలిందో తోడున్నవాళ్లు లెక్కపెట్టాలి. మీకు తెలియకుండా రాసుకున్నవి కూడా ఉంటాయి. కాళ్లు వణకడం మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.

ఆర్కే బీచ్ ఇసుకలో నడిస్తే కాళ్లు గట్టిపడతాయని చాలామంది అంటారు. నిజమే, గట్టి నేల మీది కంటే ఇసుకలో సుమారు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు. ఇసుకలోంచి రోడ్డు మీదికి వచ్చే మెట్ల దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగి ఎక్కండి.

ప్రదక్షిణకు పది వారాలు ముందు మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు 4 కిలోమీటర్లు, సెలవు రోజున ఒక పెద్ద నడక. పెద్ద నడక మొదటి మూడు వారాలు 6, 8, 10 కిలోమీటర్లు. నాలుగో వారం 7కు తగ్గించండి. తర్వాత 12, 14, 16. ఎనిమిదో వారం మళ్లీ 10. తొమ్మిదో వారం 20. చివరి వారం చిన్న నడకలే. తగ్గించే వారాలను వదిలేయొద్దు, కండరం గట్టిపడేది అప్పుడే. 20 కిలోమీటర్ల నడక పూర్తి కాకపోయినా, ఆ రోజు కాలు మూడుసార్లకు మించి తగిలినా, ఈ ఏడాది 32 పెట్టుకోవద్దన్నది మా మాట.

ఆ రోజు కొండ కింది తొలిమెట్టు, అంటే తొలిపావంచా దగ్గర బయలుదేరేటప్పుడు జనం హడావిడిలో అందరూ వేగంగా నడుస్తారు. మీరు నడవకండి. ముప్పావుగంటకోసారి అయిదు నిమిషాలు, రెండు గంటలకోసారి పావుగంట కూర్చోండి. కాళ్లు లాగేసేదాకా ఆగి అప్పుడు కూర్చుంటే ఫలితం సగమే. అలసిన కండరం మొదటి కొద్ది నిమిషాల్లో కొంత తేరుకుంటుంది, పూర్తిగా తేరుకోవడానికి గంటలు పడుతుంది. లేచాక మొదటి పది అడుగులు బిగుసుకుపోయి ఉంటాయి, ఆ పది అడుగులూ చదును చోట వేయండి. విశాలాక్షినగర్ నుంచి జోడుగుళ్లపాలెం వైపు పల్లం దిగేటప్పుడు హాయిగా ఉందని పరుగందుకోవద్దు. పల్లంలో తొడ ముందు కండరం సాగుతూ బరువు ఆపుతుంది, అలాంటి పనే కండరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. దాని ఫలితం మీకు మాధవధార దగ్గర తెలుస్తుంది. నిరుడు మీరు పడింది ఆ తర్వాతేనని మరచిపోకండి.

చెప్పులు రాసుకునే చప్పుడు, కాళ్లు వెడల్పుగా పడటం, పది నిమిషాల్లో రెండుసార్లు కాలు తగలడం. వీటిలో ఏది కనబడినా పావుగంట కూర్చోండి. లేచాక కూడా అలాగే ఉంటే అక్కడికి ఆపి ఆటో ఎక్కండి. చీకటిలో చిన్న టార్చి నడుము ఎత్తున పట్టుకుని వెలుగును మూడు నాలుగు అడుగుల ముందు వేయండి. తేలిన రాయికి నీడ పడి కనబడుతుంది. గుంపులో ముందు మనిషి వీపుకు అంటుకుని నడవకండి, నేల కనబడేంత ఎడం కావాలి. రెండో చేయి ఖాళీగా ఉంచండి. కాలు తగిలాక పడకుండా నిలబడటానికి దొరికేది అర సెకనే. ఆ సమయంలో తగిలిన కాలినే పైకి లేపి ముందుకు వేయడమో, దాన్ని అక్కడే దించి రెండో కాలిని చటుక్కున ముందుకు తేవడమో ఒళ్లే ఎంచుకుంటుంది. దానికి చేతులు ఆడాలి. అలిసినప్పుడు ఆ చటుక్కుదనమే పోతుంది.

మీకు షుగరు ఉంది కాబట్టి రెండు మాటలు. ఒకటి: నడకకు ముందు డాక్టరును కలిసి ఆ రోజు మాత్రల మోతాదు అడగండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే గంటల తరబడి నడిచినప్పుడు షుగరు పడిపోవచ్చు. కాళ్లు తడబడటం, చెమట, వణుకు వస్తే దాన్ని అలసట అనుకోకండి. వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట కూర్చుని మళ్లీ పరీక్షించుకోండి. అరగంటకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగుతూ ఉండండి, గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరునే అడగండి. రెండు: పాదాల్లో స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాను తీగతో అరికాలు తాకి, కంపించే ట్యూనింగ్ ఫోర్కు అనే లోహపు పరికరాన్ని బొటనవేలి మీద ఆనించి చూస్తారు, పది నిమిషాల పని. స్పర్శ తగ్గి ఉంటే చెప్పులు లేకుండా నడవొద్దు. ప్రదక్షిణ వట్టికాళ్లతో చేయాలని మీకు ఉండొచ్చు, అర్థమవుతుంది. కానీ స్పర్శ లేని పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు, ఆ పుండు నెలల తరబడి మానకపోవచ్చు.

పరీక్షల మాట వచ్చింది గనుక, ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకే 12 కంటే తగ్గితే తక్కువ అంటారు, మీకు 54. తర్వాత గోడ పక్కన మడమల మీద పది అడుగులు వేయండి. ఒక పాదం ముందు భాగం పైకి నిలవకపోతే అది అలసట కాదు, నరం సంగతి కావచ్చు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌లో గానీ, దగ్గర్లోని న్యూరాలజిస్టుకు గానీ ఆలస్యం చేయకుండా చూపించండి. ఎప్పుడూ ఒకే కాలు తగలడం, పాదం నేల మీద చప్పున పడటం, నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చేయీ బలం తగ్గితే మాత్రం ఆగకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే రక్తనాళాలు చూపించుకోవాలి. వంగి కూర్చుంటేనే తగ్గుతుంటే వెన్నెముక చూపించుకోవాలి. కాళ్లే కాకుండా మనిషే రోజంతా నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చేయించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు, అది తగ్గితే పాదాల స్పర్శా తగ్గవచ్చు.

షాపులో మీ యజమానిని ఒక ఎత్తు స్టూలు అడగండి. గంటకోసారి రెండు నిమిషాలు కూర్చోవడం, మధ్యమధ్య ఒక పాదాన్ని ఆరంగుళాల పీట మీద పెట్టి మార్చుకోవడం, నిలబడ్డచోటే మడమలు పదిసార్లు ఎత్తడం. బస్సు దిగాక నేరుగా ఇంట్లోకి నడవకుండా అరుగు మీద రెండు నిమిషాలు కూర్చుని, వేళ్లు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి అప్పుడు గడప దాటండి.

ప్రదక్షిణ అయ్యాక నొప్పులు అదే రోజు కంటే ఆ మరుసటి రోజు, దాని తర్వాతి రోజు ఎక్కువగా ఉంటాయి. కాలు బలం కూడా ఆ రోజుల్లో తగ్గే ఉంటుంది. ఆ రెండు రోజులూ షాపుకు సెలవు పెట్టండి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు వదలకండి, రాత్రి బాత్రూంకి వెళ్లే దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి.